రకమా, పాత్రా? సూపర్‌టైప్, సబ్‌టైప్ డిజైన్‌పై ఒక సమీక్ష

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో వ్యక్తి అంటే మనిషి ఒక్కడే కాదు. హిందూ అవిభక్త కుటుంబం వ్యక్తే, కంపెనీ వ్యక్తే, భాగస్వామ్య ఫర్మ్ వ్యక్తే. వ్యక్తుల సంఘాలు, మునిసిపాలిటీ లాంటి స్థానిక సంస్థలు కూడా అంతే. రెండో సెక్షన్ 31వ క్లాజులో ఇలా ఆరు రకాలు చెప్పి, వాటిలో దేని కిందకూ రాని కృత్రిమ న్యాయవ్యక్తులన్నిటినీ ఏడో రకంగా చేర్చారు. పాన్ నంబరులో నాలుగో అక్షరం చెప్పేది ఈ రకాన్నే. పి ఉంటే మనిషి, హెచ్ ఉంటే అవిభక్త కుటుంబం, సి ఉంటే కంపెనీ, ఎఫ్ ఉంటే ఫర్మ్.

డేటాబేస్ డిజైన్‌లో సూపర్‌టైప్, సబ్‌టైప్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ మన దగ్గర దొరకదు. పన్ను చెల్లింపుదారు సూపర్‌టైప్. పాన్, చిరునామా, రిటర్నులు అందరికీ ఉంటాయి కాబట్టి అవి పైన ఉంటాయి. కర్త ఉండేది అవిభక్త కుటుంబానికే, డైరెక్టర్లు ఉండేది కంపెనీకే, భాగస్వాములు ఉండేది ఫర్మ్‌కే. అవి కింద, ఆయా సబ్‌టైపుల్లో ఉంటాయి. అయితే కంపెనీ ఒకటీ పన్ను చెల్లింపుదారు మరొకటీ అని రెండు వస్తువులు లేవు. ఉన్నది ఒక్కటే, దాన్నే రెండు స్థాయుల్లో వర్ణిస్తున్నాం. అందుకే రెండుచోట్లా గుర్తింపు ఒక్కటే ఉండాలి. ఈ సంగతి గట్టిగా పట్టుకుంటే మిగతా చర్చలో దారి తప్పం.

ఈ విషయం మీద జరిగే వాదాలు ఎక్కువగా ఒకే టేబుల్ పెట్టాలా, మూడు పెట్టాలా అన్నచోట మొదలై అక్కడే ఆగిపోతాయి. దానికి ముందే తేల్చాల్సినవి రెండున్నాయి. మనం గీసింది నిజంగా రకమేనా, లేక కొంతకాలం వేసుకున్న పాత్రా? బొమ్మలో గీసిన నియమాన్ని చివరికి కాపాడేది డేటాబేసా, ప్రోగ్రామర్ జ్ఞాపకమా? ఈ రెండూ తేలితే టేబుళ్ల లెక్క చాలావరకు దానంతటదే తేలుతుందని నా నమ్మకం.

పీటర్ చెన్ 1976లో ఎంటిటీ రిలేషన్‌షిప్ మోడల్‌ను ప్రతిపాదించిన వ్యాసంలో సబ్‌టైపుకు గుర్తంటూ ఏదీ లేదు. ఒకే ఎంటిటీ రెండు సెట్లలో ఉండవచ్చని, పురుషుల సెట్ మనుషుల సెట్‌లో భాగమని మాత్రం ఆయన ఒక మాట అన్నారు. దాన్ని సిద్ధాంతంగా పెంచింది మరుసటి ఏడాది జాన్ స్మిత్, డయాన్ స్మిత్. వాళ్ల వ్యాసం పేరులోనే అగ్రిగేషన్, జనరలైజేషన్ అనే రెండు మాటలున్నాయి. వాళ్ల ఉదాహరణ వాహనాలు. వాహనం నేల మీద నడిచేదా, నీటిలో పోయేదా, గాలిలో ఎగిరేదా అన్నది ఒక విభజన. అది ఏ శక్తితో కదులుతుంది, మోటారా, మనిషి బలమా, గాలా అన్నది మరో విభజన. ఒకే సూపర్‌టైప్‌ను రెండు వేర్వేరు కోణాల్లో విడగొట్టవచ్చని, ఆ రెండిటినీ ఒకే చెట్టులోకి నెట్టకూడదని అప్పుడే తెలిసింది. ఇప్పటికీ చాలా డిజైన్లు పాడయ్యేది ఇక్కడే. రెండు కోణాలను గుణించి కొమ్మలు పెంచుకుంటూ పోతారు.

రిలేషనల్ మోడల్‌ను 1970లో ఇచ్చిన ఎడ్గర్ కాడ్ కూడా ఈ లోటును గుర్తించారు. 1979లో ఆయన విస్తరించిన ఆర్‌ఎం/టీ మోడల్‌లో సబ్‌టైపులకు చోటిచ్చారు. ప్రతి ఎంటిటీకీ వ్యవస్థ ఇచ్చే ఒక సరోగేట్ ఉంటుంది. అది సబ్‌టైప్ జాబితాలో ఉంటే సూపర్‌టైప్ జాబితాలోనూ ఉండి తీరాలి. ఈనాడు సబ్‌టైప్ టేబుల్‌లోని ప్రైమరీ కీనే ఫారిన్ కీగా చేసి సూపర్‌టైప్ టేబుల్‌కు కట్టడం వెనక ఉన్నది ఆ నియమమే.

1985లో ఎల్‌మస్రీ, వీల్‌డ్రేయర్, హెవ్నర్ మరో అడుగు వేసి కేటగిరీ అనే భావన తెచ్చారు. వాహన యజమానిని తీసుకోండి. యజమాని మనిషి కావచ్చు, కంపెనీ కావచ్చు, బ్యాంకు కావచ్చు. కానీ మనుషులందరూ వాహన యజమానులు కారు. ఇక్కడ అమరిక తలకిందులవుతుంది: వేర్వేరు గుర్తింపులున్న మూడు రకాల నుంచి కొందరొకచోట చేరారు. దీన్ని మామూలు సూపర్‌టైప్‌లా గీస్తే, కారు లేని ప్రతి మనిషికీ యజమానుల టేబుల్‌లో ఒక వరుస పెట్టాల్సి వస్తుంది. 1989లో వచ్చిన ఎల్‌మస్రీ, నవాతేల పాఠ్యపుస్తకం ఈ భావనలన్నిటినీ ఒక అధ్యాయంగా కూర్చింది. ఆ పుస్తకంతోనే ఇవి ఇంజినీరింగ్ తరగతి గదులకు చేరాయి.

గీసే పద్ధతుల మధ్య తేడా బొమ్మల అందానికి సంబంధించింది కాదు, అవి అనుమతించే నియమాలకు సంబంధించింది. ఎల్‌మస్రీ, నవాతే పద్ధతిలో రెండు ప్రశ్నలకు విడివిడిగా జవాబు చెప్పాలి. ఒకే వస్తువు రెండు సబ్‌టైపుల్లో ఉండవచ్చా? ఏ సబ్‌టైప్‌లోనూ లేకుండా ఉండవచ్చా? సున్నా చుట్టి అందులో డి అని రాస్తే ఉండకూడదని, ఓ అని రాస్తే ఉండవచ్చని మొదటిదానికి జవాబు. జంట గీత గీస్తే ప్రతి వస్తువూ ఏదో ఒక సబ్‌టైప్‌లో ఉండాల్సిందేనని రెండోదానికి జవాబు. అమెరికా వైమానిక దళం అవసరాల నుంచి పుట్టి 1993లో ఆ దేశపు ఫెడరల్ ప్రమాణమైన ఐడెఫ్-1ఎక్స్ మాత్రం ఒక గుంపులోని సబ్‌టైపులు కలవకూడదంటుంది. గుంపు పూర్తిదా, అసంపూర్ణమా అన్న ఎంపికే మనకిస్తుంది. ఒరాకిల్ ద్వారా ప్రచారంలోకి వచ్చిన రిచర్డ్ బార్కర్ పద్ధతి ఇంకా కఠినం. పెట్టెలో పెట్టెలు గీస్తుంది, అవి కలవకూడదు, ఏదీ బయట మిగలకూడదు. మిగిలితే 'ఇతరం' అనే పెట్టె పెట్టాల్సిందే.

ఆదాయపు పన్ను చట్టంలోని ఏడో రకం చేసేది ఆ 'ఇతరం' పెట్టె పనే. 1922 నాటి పాత చట్టం పన్ను పడే వాళ్ల జాబితాలో అలాంటి పెట్టె లేదు. ఆ చట్టం కింద హిందూ దేవాలయంలోని దేవతామూర్తి ఎవరు అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1969లో జోగేంద్రనాథ్ నస్కర్ కేసులో కోర్టు, దేవతామూర్తిని 'ఇండివిడ్యువల్' అనే రకం కింద పన్ను వేయదగిన వ్యక్తిగానే లెక్కించవచ్చని తేల్చింది. రకాల జాబితా నిండుగా ఉందా లేదా అన్న ప్రశ్నకు ఎంత బరువుందో డిజైనర్లకు చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ కేసునే గుర్తుచేస్తాను. జాబితా రాసిన రోజున ఎవరికీ తట్టని వస్తువు తర్వాతెప్పుడో వచ్చి తలుపు తడుతుంది. దాన్ని పెట్టడానికి చోటు లేకపోతే, ఉన్నవాటిలో ఒక రకం అర్థాన్ని సాగదీయాలి.

కలవకూడదన్న నియమం విషయంలో తొందర పనికిరాదు. ఆర్టీసీ ఉద్యోగిని డ్రైవర్, కండక్టర్ అని రెండు పెట్టెలుగా విడదీసి, కలవకూడదని గీత గీస్తే పని జరుగుతుందనిపిస్తుంది. కానీ కండక్టర్ లేని దూరప్రాంత బస్సుల్లో డ్రైవరే టికెట్లు కొడతాడు. విధుల చార్ట్ చూడకుండా హోదాల పట్టిక ఒక్కటే చూసి గీసిన బొమ్మ ఇలాంటిచోట తప్పుతుంది.

ఈ ఉదాహరణ మనల్ని అసలు ప్రశ్నకు తెస్తుంది. డ్రైవర్ అనేది రకమా, పాత్రా? ఈ భేదం డేటాబేస్ రంగానికి కొత్త కాదు. చార్లెస్ బాక్‌మన్, మనీలాల్ దయా 1977లోనే పాత్ర అనే భావనను డేటా మోడల్‌లోకి తేవాలని వాదించారు. దానికి ఒక పరీక్షను కచ్చితంగా చెప్పినది నికోలా గ్వారినో, క్రిస్టఫర్ వెల్టీ. 2000 ప్రాంతంలో వాళ్లు రూపొందించిన ఆంటోక్లీన్ పద్ధతిలో మొదటి ప్రశ్న, ఈ వస్తువు ఈ రకంలో లేకుండా పోయినా అదే వస్తువుగా మిగులుతుందా అన్నది. మనిషి మనిషి కాకుండా పోయి మిగలడు, కాబట్టి మనిషి అనేది దృఢమైన రకం. విద్యార్థి చదువు ముగించినా అదే మనిషి, కాబట్టి విద్యార్థి అనేది పాత్ర.

పాన్ ఈ పరీక్షలో నిలబడుతుంది. భాగస్వామ్య ఫర్మ్ కంపెనీగా మారితే పాత పాన్‌లో ఎఫ్ దిద్ది సి రాయరు. కంపెనీ కొత్త పాన్ తీసుకోవాలి, ఎందుకంటే చట్టం దృష్టిలో అది వేరే వ్యక్తి. రకాన్ని గుర్తింపు సంఖ్యలోనే పొదగడం మామూలుగా ప్రమాదకరమైన పని. ఇక్కడ చెల్లుతున్నదంటే రకం మారదు కాబట్టే.

పరీక్షలో నిలబడని ఉదాహరణ ఒకటి పోస్ట్‌గ్రెస్‌ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. టేబుళ్ల వారసత్వాన్ని వివరించే పాఠంలో నగరాలు ఒక టేబుల్. దాని నుంచి వారసత్వంగా వచ్చిన రాజధానులు మరో టేబుల్. రాజధానికి రాష్ట్రం అనే కాలమ్ అదనం, అది యూనిక్, ఖాళీగా ఉండకూడదు. సింటాక్స్ నేర్పడానికి ఇది చాలు. దీన్ని డిజైన్‌గా తీసుకుని మన చరిత్రను అందులో పెట్టి చూడండి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. ఆ రోజు దాని వరుసను నగరాల టేబుల్ నుంచి తీసి రాజధానుల టేబుల్‌లో పెట్టాలి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాద్ రాజధాని అయ్యాక మళ్లీ తీసి వెనక్కి పెట్టాలి. ఆ మూడేళ్లు కర్నూలు రాజధానిగా ఉందన్న సంగతి డేటాబేస్‌లో ఎక్కడా మిగలదు. ఇక 2014 జూన్ 2 నుంచి పదేళ్లపాటు హైదరాబాద్ తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు ఉమ్మడి రాజధాని. ఒక నగరానికి ఒకే వరుస, ఆ వరుసలో ఒకే రాష్ట్రం కాలమ్. రెండో రాష్ట్రాన్ని ఎక్కడ రాస్తారు? హైదరాబాద్‌ను రెండు వరుసలు చేస్తే జనాభా రెండుసార్లు లెక్కకొస్తుంది.

రాజధాని అనేది నగరంలో ఒక రకం కాదు. అది నగరానికీ రాష్ట్రానికీ మధ్య, ఒక తేదీ నుంచి మరో తేదీ దాకా ఉన్న సంబంధం. నగరం, రాష్ట్రం, మొదలు, ముగింపు అనే నాలుగు కాలమ్‌లతో ఒక టేబుల్ పెడితే కర్నూలుకు ఒక వరుస, హైదరాబాద్‌కు రాష్ట్రానికొకటి చొప్పున వరుసలు వస్తాయి. ఎవరినీ ఎక్కడి నుంచీ కదపనక్కర్లేదు. వ్యాపార సంస్థల డేటా నమూనాలపై డేవిడ్ హే 1996లో, లెన్ సిల్వర్‌స్టన్ 1997లో రాసిన పుస్తకాలు చెప్పిన పార్టీ నమూనా సారం కూడా ఇదే. మనిషి, సంస్థ అనేవి పార్టీకి సబ్‌టైపులు. కస్టమర్, సప్లయర్, ఉద్యోగి అనేవి పార్టీ వేసే పాత్రలు, అవి వేరే టేబుల్‌లో ఉంటాయి. కస్టమర్‌నూ సప్లయర్‌నూ సబ్‌టైపులుగా గీసిన సంస్థలో, సరుకు అమ్మే వ్యాపారే సరుకు కొనడానికి వచ్చిన రోజున ఆయనకు రెండు రికార్డులు, రెండు చిరునామాలు, రెండు బాకీలు పుడతాయి.

మూడో తరహా ఒకటుంది. పన్ను లెక్కల్లో 60 ఏళ్లు నిండినవారు సీనియర్ సిటిజన్లు, 80 నిండినవారు సూపర్ సీనియర్లు. వాళ్లకు వేరే పరిమితులున్నాయి కాబట్టి సబ్‌టైపులుగా గీయాలనిపిస్తుంది. కానీ ఆ సభ్యత్వం పుట్టిన తేదీలోనే ఉంది. ఉన్న విలువ నుంచి లెక్కగట్టగలిగినదాన్ని టేబుల్‌గా దాచకూడదు, వ్యూగా రాయాలి. దాచితే ఎవరో ఒకరు ప్రతి ఏడాదీ వరుసలు మార్చుకుంటూ కూర్చోవాలి.

ఇన్ని జల్లెడలు పట్టాక మిగిలినవే నిజమైన సబ్‌టైపులు, అవి అనుకున్నదానికన్నా తక్కువే ఉంటాయి. మిగిలిన వాటిలోనూ ప్రత్యేకమైన కాలమ్ గానీ, ప్రత్యేకమైన సంబంధం గానీ లేని సబ్‌టైపుకు పెట్టె అనవసరం. రకం అనే కాలమ్‌లో ఒక విలువ చాలు.

ఇప్పుడు టేబుళ్ల సంగతి. మార్టిన్ ఫౌలర్ 2002లో వెలువడిన పుస్తకంలో మూడు దారులకు పెట్టిన పేర్లు ప్రోగ్రామర్లందరి నోటా స్థిరపడ్డాయి: సింగిల్ టేబుల్, క్లాస్ టేబుల్, కాంక్రీట్ టేబుల్. మొదటిదానిలో అన్నీ ఒకే టేబుల్‌లో ఉంటాయి, రకం చెప్పే డిస్క్రిమినేటర్ కాలమ్ ఒకటుంటుంది. రెండోదానిలో సూపర్‌టైపుకు ఒకటి, ప్రతి సబ్‌టైపుకు ఒకటి, కీ ఉమ్మడి. మూడోదానిలో సూపర్‌టైపుకు టేబులే లేదు, ప్రతి సబ్‌టైప్ టేబుల్‌లో అన్ని కాలమ్‌లూ మళ్లీ మళ్లీ వస్తాయి.

మూడోదాని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రిటర్నుల టేబుల్ పన్ను చెల్లింపుదారును చూపించాలంటే ఫారిన్ కీ ఏ టేబుల్‌కు కట్టాలి? కట్టడానికి టేబులే లేదు. ఒకే పాన్ కంపెనీల్లోనూ ఫర్ముల్లోనూ పడకుండా ఆపే యూనిక్ నియమం కూడా రాయలేం. సూపర్‌టైపును బయటివాళ్లెవరూ వేలెత్తి చూపనప్పుడే ఇది పనికొస్తుంది. అలా ఎవరూ చూపించని సూపర్‌టైప్ అసలు అవసరమా అన్నది నా అనుమానం.

సింగిల్ టేబుల్‌ను తప్పుపట్టేవాళ్లు తరచూ నల్ విలువలు చోటు తింటాయంటారు. అది బలహీనమైన వాదన. పోస్ట్‌గ్రెస్‌లో నల్ విలువకు వరుస మొదట్లోని బిట్‌మ్యాప్‌లో ఒక్క బిట్టే ఖర్చు. అసలు నష్టం నియమాల్లో ఉంది. కంపెనీకి ఇన్‌కార్పొరేషన్ తేదీ తప్పనిసరి, కానీ మనిషికి అది ఉండదు కాబట్టి ఆ కాలమ్‌పై నాట్ నల్ పెట్టలేం. రకం సి అయితే ఆ తేదీ ఉండాలి, కాకపోతే ఖాళీగా ఉండాలి అని ప్రతి కాలమ్‌కూ చెక్ నియమం రాయాలి. రాస్తే సింగిల్ టేబుల్ గౌరవప్రదమైన డిజైనే. కలవకూడదు, మిగలకూడదు అన్న రెండు నియమాలూ అందులో సులువుగా నిలుస్తాయి, డిస్క్రిమినేటర్ ఒకే విలువ తీసుకుంటుంది, ఖాళీగా ఉండదు కాబట్టి. కానీ చాలాచోట్ల ఆ చెక్‌లు రాయరు. మైఎస్‌క్యూఎల్‌లో అయితే 2019లో 8.0.16 వచ్చేదాకా చెక్ రాసినా డేటాబేస్ దాన్ని చదివి పక్కన పెట్టేది. అప్పటిదాకా ఆ డేటాబేస్‌పై నడిచిన సింగిల్ టేబుల్ డిజైన్లలో సబ్‌టైప్ నియమాన్ని ట్రిగ్గర్లతోనో, అప్లికేషన్ కోడ్‌తోనో కాయాల్సి వచ్చింది.

నా మొగ్గు క్లాస్ టేబుల్ వైపు, అదీ ఒక చేర్పుతో. పన్ను చెల్లింపుదారు టేబుల్‌లో ఐడీ ప్రైమరీ కీ. దానికి తోడు ఐడీ, రకం రెండూ కలిపి యూనిక్ అని ప్రకటించాలి. కంపెనీ టేబుల్‌లోనూ రకం కాలమ్ పెట్టి, అందులో సి తప్ప మరేదీ ఉండకూడదని చెక్ రాయాలి. ఆపైన ఐడీ, రకం జంటను పై టేబుల్‌లోని జంటకు ఫారిన్ కీగా కట్టాలి. ఫర్మ్ టేబుల్‌లో ఎఫ్‌తో అలాగే. ఇక ఒకే ఐడీ రెండు సబ్‌టైప్ టేబుళ్లలోకి వెళ్లడం అసాధ్యం, ఏ ప్రోగ్రామ్ రాసినా, ఎవరు చేత్తో టైప్ చేసినా సరే. డైరెక్టర్ నియామకాల టేబుల్ కంపెనీ టేబుల్‌కే ఫారిన్ కీ కట్టుకుంటుంది కాబట్టి అవిభక్త కుటుంబానికి డైరెక్టర్ తగులుకోడు. దీనికి ఖర్చు ఒక అదనపు కాలమ్, ఒక అదనపు ఇండెక్స్. ఈ పద్ధతికి రావలసినంత ప్రచారం ఇప్పటికీ రాలేదు.

జాయిన్లు బరువవుతాయన్న అభ్యంతరంలో సగం నిజముంది. ఒక కంపెనీ వివరాలు తెచ్చేటప్పుడు ప్రైమరీ కీపై జరిగే జాయిన్ చాలా చవక. బరువయ్యేది అన్ని రకాల చెల్లింపుదారులనూ అన్ని వివరాలతో ఒకేసారి అడిగినప్పుడు. ఆ అడగడం ఎక్కువగా ఓఆర్ఎం పరికరాల అలవాటు. మైక్రోసాఫ్ట్ ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో క్లాస్ టేబుల్ పద్ధతి 2020లో, కాంక్రీట్ పద్ధతి 2022లో వచ్చాయి. అంతకుముందు సింగిల్ టేబుల్ ఒక్కటే. జావా వైపు 2006 నాటి జేపీఏలో మూడూ పేర్కొన్నా, ఏదీ చెప్పకపోతే వర్తించేది సింగిల్ టేబులే. రూబీ ఆన్ రెయిల్స్ మొదటి నుంచీ ఆ దారిలోనే ఉంది. దాంతో ఒక తరం ప్రోగ్రామర్లు క్లాసుల వారసత్వం ఎలా ఉంటే టేబుళ్లు అలా అమరుతాయని నేర్చుకున్నారు. కానీ క్లాసుల్లో వారసత్వం ఎక్కువగా కోడ్ పంచుకోవడానికి. ఎంటిటీల్లో సబ్‌టైప్ అనేది లోకంలోని వస్తువుల గురించి చేసే ప్రకటన. కోడ్ సౌకర్యం కోసం పెట్టిన క్లాసును టేబుల్‌గా మార్చినప్పుడే కస్టమర్, సప్లయర్ లాంటి పాత్రలు రకాల వేషంలో లోపలికొస్తాయి. ఒక వస్తువు రకం మార్చడానికి జేపీఏలో ప్రామాణికమైన మార్గం లేకపోవడం చాలామందికి లోపంగా కనిపిస్తుంది. రకం మార్చాల్సి వచ్చిందంటే అది రకం కాదన్న హెచ్చరికగా నేను దాన్ని తీసుకుంటాను.

డేటాబేసులే వారసత్వాన్ని నేర్చుకుంటే సరిపోదా అన్న ఆలోచన కూడా నడిచింది. ఎస్‌క్యూఎల్ 1999 ప్రమాణంలో ఒక టేబుల్‌ను మరో టేబుల్ కింద ప్రకటించే ఏర్పాటు వచ్చింది. బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ ప్రాజెక్టుగా 1986లో మొదలైన పోస్ట్‌గ్రెస్‌లో వారసత్వం ఇప్పటికీ ఉంది. అయితే పై టేబుల్‌పై పెట్టిన యూనిక్ నియమాలు, ఫారిన్ కీలు కింది టేబుళ్లకు వర్తించవు. ఇది తీవ్రమైన పరిమితి అని దాని డాక్యుమెంటేషన్ దాపరికం లేకుండా చెబుతుంది. గుర్తింపు ఒక్కటే ఉండాలన్న మొదటి సూత్రం అక్కడే విరుగుతుంది కనుక సబ్‌టైపుల కోసం దాన్ని వాడమని నేనెవరికీ చెప్పను.

2014 చివర్లో పోస్ట్‌గ్రెస్‌లోకి జేసన్‌బీ వచ్చాక, సబ్‌టైపుల ప్రత్యేక కాలమ్‌లన్నిటినీ ఒకే జేసన్ కాలమ్‌లో పెట్టేయడం పెరిగింది. చీరకు నేత, అంచు, ఫోన్‌కు బ్యాటరీ, ర్యామ్ రాసే దుకాణం కేటలాగ్‌లాంటి చోట, అంటే రకాలు వందలుండి నియమాలు తక్కువున్న చోట ఇది సరైనదే. కానీ జేసన్ లోపలి విలువకు ఫారిన్ కీ కట్టలేం. డైరెక్టర్లు, భాగస్వాములు లాంటి సంబంధాలున్న చోట అది చాలదు.

క్లాస్ టేబుల్ పద్ధతిలో ఒక చిక్కు మాత్రం పూర్తిగా విడలేదు. పై టేబుల్‌లో రకం సి అని రాసి, కంపెనీ టేబుల్‌లో వరుస పెట్టకుండా వదిలేస్తే ఆపేదెవరు? ఇలాంటి నియమం కోసమే 1992 ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో అసర్షన్ అనే ప్రకటన పెట్టారు. దశాబ్దాలపాటు ప్రధాన డేటాబేసులు దాన్ని అమలుచేయలేదు. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌లలో ఒక దారుంది. పై టేబుల్‌లో ప్రతి సబ్‌టైపుకూ ఒక ఫారిన్ కీ కాలమ్ పెట్టి, రకాన్ని బట్టి వాటిలో ఒక్కటే నిండాలని చెక్ రాసి, ఫారిన్ కీల తనిఖీని లావాదేవీ ముగిసేదాకా వాయిదా వేయవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో ఆ వాయిదా సౌకర్యం లేదు. అక్కడ రెండు వరుసలనూ కలిపి చేర్చే స్టోర్డ్ ప్రొసీజర్ ఒకటి రాసి, టేబుళ్లలోకి నేరుగా రాసే అనుమతి అందరికీ తీసేయాలి. దానితోపాటు, సబ్‌టైప్ వరుస లేని చెల్లింపుదారులను వెతికే క్వెరీని ప్రతి రాత్రీ నడపాలి. ఆ క్వెరీ ఒక్క వరుస తెచ్చినా, మర్నాడు ఉదయం మిగతా పని ముట్టుకోకముందే అది ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవాలి.